రోడ్డు అయిపోయే చోటు చూడని సారు

సారు పోయి పదకొండు రోజులయింది. ఆ రోజు పొద్దున సారు ఇల్లాలు అమ్మగారు ఫోన్ చేసి, "ఉస్తాద్ గారూ, ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నారు. పానా కింద పెట్టి షాపు మూసేశాను.

తార్నాకలో నలభై ఏళ్లుగా స్కూటర్లు బాగుచేస్తున్నాను. చదివింది నాలుగో తరగతి. ఇది రాయడానికి ఒక రాత్రంతా పట్టింది. అయినా సారు గురించి ఇంకొకడు రాస్తే నాకు నచ్చదు.

సారు యూనివర్సిటీలో మట్టి గురించి, రాళ్ల గురించి పాఠాలు చెప్పేవారు. కోస్తా మనిషి. ఏటా సెలవుల్లో, రిటైరయ్యాక కూడా, పాత స్కూటర్ మీద ఒక్కరే వేల కిలోమీటర్లు పోయేవారు. తిరిగి వచ్చాక ఇంటికన్నా ముందు నా షాపుకే వచ్చేవారు. గుళ్లు, కోటలు ఆయన నోట రావు. నాందేడ్ దాటాక నల్లమట్టి ఎట్లా నెర్రెలు విచ్చిందో చెప్పేవారు. అక్కడొక ముసలామె జొన్నరొట్టె మీద ఎర్రకారం వేసి చేతిలో పెట్టిందని చెప్పేవారు. నర్మద ఒడ్డున పడవవాళ్లతో కూర్చుని తిన్న పప్పన్నం గురించి ఒక పూటంతా చెప్పారు.

"ఇంట్ల అమ్మ వంట మంచిగ లేదని పోతున్నరా ఏంది సారూ?" అనేవాణ్ణి.

"ఆ మాట మీ అమ్మగారు వింటే నాకు మజ్జిగన్నం కూడా పుట్టదయ్యా!"

నాకొక పద్ధతి ఉంది. దూరం పోయే బండిని ఊరికే ఇవ్వను. నడిపే మనిషి వెనక కూర్చుని క్యాంపస్‌లో ఒక చుట్టు తిరిగి వస్తాను. బండిని ఎవడైనా చూస్తాడు. నేను మనిషిని చూస్తాను.

నిరుడు సారు ధనుష్కోటి పోతానన్నారు. "సముద్రం దగ్గర రోడ్డు అయిపోతుందట ఉస్తాద్. అక్కడ కూర్చుని ఇంత పెరుగన్నం తిని వచ్చేస్తా. ఇదే ఆఖరు." అప్పటికి డెబ్బై ఆరేళ్లు. ఎప్పటిలాగే వెనక కూర్చున్నాను. క్యాంపస్ చెట్ల కింద బాగానే నడిపారు. తార్నాక వైపు మళ్లగానే కుడిపక్క నుంచి బస్సు వచ్చింది. సారు చూడలేదు. బస్సు జానెడు దూరంలో ఆగింది.

"ఓ పెద్దమనిషీ, కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా?" అని డ్రైవర్ అరిచాడు.

సారు నా వైపు తిరిగి, "ఎవర్ని తిడుతున్నాడయ్యా?" అన్నారు.

ఎవరికైనా మొహం మీదే చెప్పేవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం కళ్ల సంగతి దాచాను. "పిస్టన్ పోయింది సారూ. ఈ మోడల్‌ది దొర్కుడు కష్టం" అన్నాను. బండి గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

బండి షాపులోనే ఉంచేశాను. తర్వాత రోజూ సాయంత్రం సారు నడిచి వచ్చేవారు.

"దొరికిందా?"

"లేదు సారూ."

కాసేపు కూర్చుని లేచేవారు. కబుర్లు తగ్గిపోయాయి. చలికాలం అయ్యాక రావడమే మానేశారు. మంచం పట్టారని తెలిసింది. ఏ మొహం పెట్టుకుని పోవాలి? పోలేదు.

నిన్న పెద్దకర్మకు పోయాను. అమ్మగారు పక్కకు పిలిచారు.

"ఆయన అప్పుడే రాణీగంజ్ స్పేర్‌పార్టుల బజారుకి వెళ్లి కనుక్కున్నారు. ఆ పిస్టన్ ఉందనే చెప్పారట."

"తెలిసి గూడ రోజూ ఎందుకొచ్చిండమ్మా సారు?"

"చూపు తగ్గింది, ఇక బండి వద్దని పిల్లలు చెప్తే వినలేదు, నేను చెప్తే వినలేదు. ఉస్తాద్ చెప్తే ఒప్పుకుంటాననేవారు. ఇవాళైనా చెప్తాడేమో అని బయల్దేరేవారు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లండి అంటే, 'ఉస్తాద్ చూడాల్సింది చూసేశాడే' అన్నారు."

ఆ రోజే చెప్పి ఉంటే, సారును వెనక కూర్చోబెట్టుకుని ధనుష్కోటిదాకా నేనే నడిపేవాణ్ణి. ఈ ముక్క నిన్నటిదాకా నాకు తట్టలేదు.

ఫొటో ముందు నిలబడి, "సారూ, మీకు కుడిపక్క కనబడ్తలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. వడ్డించేవాళ్లు తిరిగి చూశారు.

అది ఏదో రోడ్డు పక్కన ఎవరో తీసిన ఫొటో. సారు మైలురాయి మీద కూర్చున్నారు. ఒళ్లో విస్తరాకు. ముద్ద చేతిలోకి తీసుకున్నారు, ఇంకా నోటిదాకా పోలేదు.