నీళ్లకు నీళ్లంటేనే పావురం

మా సైన్సు టీచరమ్మ పోయిన వారం చెన్నూరులో కన్నుమూశారు. ఫోనులో ఆ మాట చెప్పి నన్ను కన్న అవ్వ కాసేపు ఏడ్చింది. తర్వాత, "అక్క పెండ్లిల గా అంగీ ముచ్చట యాదికున్నదా?" అని అడిగి తనే నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆమెను తలుచుకుంటే మాకెప్పుడూ అంతే.

ఆమెది మా పక్కిల్లు. భోజనానికి పిలిస్తే ముందు పచ్చిపులుసులోకి తొంగి చూసేవారు. పైన తేలే పోపు నూనె చుక్కల్ని చెంచా కొసతో ఒకదానికొకటి తగిలించి, అన్నీ కలిసి పెద్ద చుక్కయ్యేదాకా కదిలేవారు కాదు. ఈలోగా అన్నం చల్లారేది. "నూనెకు నీళ్ల మీద కోపమేం లేదు బిడ్డా. నీళ్లకే నీళ్లంటే పావురం, గంత ప్రేమ. ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి, నడుమ నూనెకు జాగ ఇయ్యయి" అనేవారు.

అక్క పెండ్లి భోజనాల్లో, పెండ్లికూతురి తండ్రిగా బాపు తనే వడ్డిస్తున్న మటన్ కూర గిన్నె ఒరిగి, భైంసా నుంచి వచ్చిన పెండ్లికొడుకు మేనమామ తెల్ల అంగీ మీద ఒలికింది. ఆయన చెంబెడు నీళ్లు గుమ్మరించుకున్నాడు. మరక పోలేదు సరికదా, ఇంకా పాకింది.

"కావాల్ననే పోసిండు. లేవుండ్రి, పోదాం" అని తనవాళ్లందరినీ లేపాడు. బాపు చేతులు జోడించినా వినలేదు. కొత్తింట్లో అక్క ఎన్నేళ్లు ఈ మాట పడాలోనని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ సగం తిన్న విస్తరి వదిలి లేచారు. "పోతె పోదురు గని అన్నా, ముందుగాల అంగీ విప్పుండ్రి. గిట్లనే పోతె తొవ్వ పొడుగూత అందరు చూస్తరు."

ఆ మాట ఆయనకు సబబుగానే తోచింది. విప్పి ఇచ్చాడు. ఇక బనీను మీద ఎక్కడికి పోతాడు? పాఠం మొత్తం వినక తప్పలేదు.

ఆమె సబ్బు రుద్దగానే మరక నెత్తురులా ఎర్రబడింది. మేనమామ కుర్చీలో కూలబడ్డాడు. "సత్యనాశ్ జేసినవ్ గదమ్మా."

"పరేషాన్ గాకుండ్రి. కూరల పసుపుకు సబ్బంటే సిగ్గు, గందుకే ఎర్రబడ్డది. జాడిస్తె పోతది."

జాడిస్తే ఎరుపు పోయింది, జిడ్డూ పోయింది. లేత పసుపు ఛాయ మిగిలింది. "పెండ్లి అంగీకి గంత పసుపుండాలె" అంటూ ఆమె దాన్ని దండెం మీద ఆరేశారు.

ఆయన వేళ్లతో తడిమి చూశాడు. కోపం కంటే అనుమానం ఎక్కువైనట్టుంది. "మరి నీళ్లతోని పోనిది సబ్బుతోని ఎట్ల పాయె?"

అడగకూడని మనిషిని అడిగాడు.

ఆమె ఒక చేత్తో బాపు చెయ్యి, ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మా తమ్ముడు నీళ్లు, మీరు నూనె, నేను సబ్బును. సబ్బు ఒక కొసతోని నీళ్లను పడ్తది, ఇంకో కొసతోని నూనెను పడ్తది. ఇద్దర్ని ఇడువది. ఇగ నీళ్లెటు పోతె నూనె గటే పోతది. ఊకె నమ్మకుండ్రి, చూడుండ్రి. నడువు తమ్మీ."

బాపు నడిచాడు. అక్క ఆ ఇంట్లో ఈనాటికీ తలెత్తుకుని తిరుగుతుందంటే ఆ నడక పుణ్యమే. ముందు బాపు, నడుమ తడి చేతులతో టీచరమ్మ, వెనక బనీను మీద నవ్వాపుకుంటూ మేనమామ, ముగ్గురూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అన్నాల బంతి వైపు పోతున్నారు. లేచి నిలబడ్డ భైంసా వాళ్లు ఒక్కొక్కరే మళ్లీ విస్తళ్ల ముందు కూర్చుంటున్నారు.