ఎర్ర చీటీ కట్టిన వాల్వు

మా బావ ఎడ్మండ్ దేజార్లే ఇరవై ఏళ్లు ఆవిరి బావుల మీద పనిచేశాడు. మా ఊరు కాంక్లిన్ నేల కింద ఉన్నది నూనె అని పేరే గాని, అది ఇసుకలో గడ్డకట్టిన తారు. దాన్ని కదిలించాలంటే ఆవిరి పంపాలి, ఆవిరికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు మరిగించడానికి కొండంత బాయిలర్లు కావాలి. మా ఊళ్లో సగం పొయ్యిలు ఆ బాయిలర్ల పుణ్యాన వెలుగుతున్నాయి. కాబట్టి వాటిని తిట్టే హక్కు మాకు లేదు. అయినా తిడతాం.

బావకి ఇంకో బతుకుంది. వాళ్ల నాన్న వదిలిపోయిన వేట దారి, అంటే ఉచ్చులు పెట్టుకునే హక్కున్న అడవి, అందులో వాగు ఒడ్డున చెక్కల గుడిసె. చలికాలం సెలవు దొరికితే చాలు, అక్కడికెళ్లి, వాగుకి కట్టలు కట్టుకుని బతికే బీవర్లకి ఉచ్చులు పెట్టేవాడు. మా అక్క రోజాలీ మొగుణ్ని చూడాలంటే ఆ గుడిసెకే వెళ్లాలని మేం నవ్వుకునేవాళ్లం.

ఆ వేట దారి మీదే కొత్త ప్రాజెక్టు వచ్చి పడింది. ఊరి హాల్లో మీటింగు పెట్టి కంపెనీ వాళ్లు రెండు ముక్కల్లో చెప్పారు. నీళ్లు లేకుండా, లైటర్లో ఉండేలాంటి గ్యాసుని వెచ్చజేసి లోపలికి పంపుతారట. అది తారుని తాకి ద్రవమై, తారుని పల్చన చేసి కింది గొట్టంలోకి జార్చుతుందట. వసంతం దాకా ఒక బావి మీద చూస్తారు. పనిచేస్తే బాయిలర్ల అవసరం లేదు. చేయకపోతే ఆవిరే, నీళ్లు ఆ వాగులోంచే.

మర్నాడే బావ ఆ బావి మీద పనికి పేరిచ్చాడు. నేనప్పటికే అక్కడ సీసాల్లో నూనె శాంపిళ్లు పట్టే పనిలో కుదిరాను.

"ఆవిరి మొనగాడివి, ఈ లైటర్ల పని నీకెందుకు బావా?" అన్నాను.

"నువ్వు కాల్చిన రొట్టె విసిరితే మూస్ దుప్పి కూడా చచ్చిపోతుంది. ముందు నీ పని నేర్చుకోవే," అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఈ బావి ఆడాలే డెల్ఫీన్. ఆడి తీరాలి," అన్నాడు.

జనవరిలో చలి ముదిరింది. ఉమ్మేస్తే నేల మీద పడేలోపే గడ్డకట్టే చలి. నూనె రాక మందగించింది. ఇంజినీరు మారిసోల్ వెనిజువేలా మనిషి. మూడు కోట్లు వేసుకుని కూడా వణుకుతూ తిరిగేది. "ఇది నెమ్మది పని. ఎవరూ ఏమీ ముట్టుకోకండి," అని గ్యాసు గొట్టాన్ని వెచ్చగా ఉంచే వాల్వుకి తనే ఎర్ర చీటీ కట్టింది. మా దగ్గర ఎర్ర చీటీ కట్టిన దాన్ని తిప్పినవాడు ఆ పూటే గేటు బయట ఉంటాడు. ఎందుకు తిప్పావని కూడా అడగరు.

బావి మందగిస్తే వేడి పెంచు. ఆవిరి మీద పెరిగిన ప్రతివాడికీ మొదటి రోజు నేర్పేది అదే. అందులోనూ మేం మంచుదేశపు ఉత్తరాదివాళ్లం, చలేస్తే గొట్టాన్నీ బిడ్డనీ ఒకేలా చుట్టబెడతాం.

ఫిబ్రవరికి నా సీసాల్లో నూనె తగ్గి నురగ మిగిలింది. లోపలికి పంపిన గ్యాసు పంపినట్టే తిరిగొస్తోంది. బావి లోపల వేడి చూపే గేజీ ఎప్పుడో పాడైపోయింది, పైనున్న గేజీ అంతా సవ్యంగా ఉందంటోంది. కాల్గరీ ఆఫీసు నుంచి కంపెనీ పెద్దమనుషులు దిగారు. ఈ పద్ధతి ఇక్కడి ఇసుకకి పనికిరాదని తేల్చేశారు.

మారిసోల్ ఎర్రబడ్డ కళ్లతో లేచి, "కుండ మీద మూత చల్లగా ఉంటేనే కదండీ ఆవిరి చుక్కలయ్యేది! మూతా కాలిపోతే అంతా బయటికి పోతుంది. మాకూ గ్యాసు అలా చుక్కలు కావాలి. ఎక్కడో వేడి ఎక్కువవుతోంది, ఎక్కడో తెలియడం లేదు. నాకు రెండు వారాలివ్వండి," అని బతిమాలింది. వాళ్లు ఇవ్వలేదు. ఈ బావి ఆపి బాయిలర్లు తెచ్చే కాగితాల మీద రేపు సంతకాలు అన్నారు.

నేను బావ వంక చూశాను. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం లేదు.

ఇద్దరం ట్రక్కు ఎక్కాక ఇంజను వెయ్యకుండా కూర్చున్నాడు.

"నేనేనే. ఆ వాల్వు నేనే తిప్పాను. అది పై గేజీ దాటాక ఉంటుంది కదా, అందుకే ఎవరికీ కనపడలేదు. బావి చలికి బిగుసుకుపోయిందనుకున్నాను. రాకపోతే ఇంకాస్త తిప్పాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ కొంప నువ్వే ముంచుకున్నావు కదయ్యా! వద్దని మొత్తుకుంటే వినవేం?"

"విన్నానే. చేతులు వినలేదు."

కోపం చల్లారగానే భయం పట్టుకుంది. "నోరు మెదపకు బావా. బాయిలర్లొస్తే నిన్నే పెద్దని చేస్తారు. చెప్పావో, రేపు మధ్యాహ్నానికి రోడ్డు మీద ఉంటావు."

"వాగో?"

నేను చెయ్యి చాచి ఇంజను తాళం తిప్పాను.

ఆ సాయంత్రం అక్క అంతా విని, ఎండుమాంసం పళ్లెం అతని ముందుకు జరిపి, "తిను. ఖాళీ కడుపుతో నిజం చెప్పకు," అంది. అంతే అంది.

మర్నాడు సంతకాలకి ముందే చెప్పేశాడు. మారిసోల్ ఒక తిట్టు తిట్టింది, వాళ్ల భాషలో. వాల్వు వైపు పరిగెత్తింది. మధ్యాహ్నానికి గేటు దాటనిచ్చే బావ బ్యాడ్జిని కత్తిరించేశారు. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని గేటు దాకా ఇద్దరు కాపలావాళ్లు నడిపించుకెళ్తుంటే చూడలేక నేను శాంపిళ్ల గదిలోకి వెళ్లిపోయాను.

మంచు కరిగే వేళకి నా సీసాల నిండా నల్లటి నూనె. బాయిలర్ల మాట ఎత్తేవాడు లేడు. వాగు జోలికి ఎవరూ పోలేదు. మారిసోల్ అతన్ని తిరిగి తీసుకోమని రెండుసార్లు అడిగింది, కుదరదన్నారు.

గుడిసెకి ఉన్న ఒకే దారి ఆ గేటులోంచి పోతుంది. బ్యాడ్జి లేనివాణ్ని పోనివ్వరు. వేట దారి అతనిదే కదా అంటే, ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు అన్నారు. చలికాలం బురదనేల గడ్డకట్టాక మంచు మీద నడిచే స్నోమొబైలు బండి మీద చుట్టు తిరిగి పోవచ్చు. మిగతా కాలమంతా ఇంట్లోనే. నాకు ఇప్పటికీ ఆ గేటు చూస్తే మండుతుంది.

జూన్‌లో ఒక రోజు డ్యూటీ దిగి వాళ్లింటికి వెళ్లాను. బావ వాకిట్లోనే ఉన్నాడు.

"వాగు దగ్గరికి వెళ్లావా?"

"వెళ్లాను. నిండుగా ఉంది బావా. గుడిసెకి ఎగువన బీవర్లు కొత్త కట్ట వేశాయి."

"ఎగువనంటే? వాగు వంకరకి ముందా, తర్వాతా?"

"వంకర దగ్గరే."

"నీళ్లు ఎటు మళ్లాయి? గుడిసె వైపా, అవతలికా?"

"ఏమో, సరిగ్గా చూడలేదు."

"మళ్లీ వెళ్లినప్పుడు చూసి చెప్పవే," అన్నాడు.