నాన్న చెక్కిన వరద గీత

పుట్టి పెరిగిన ఊరిని టిక్కెట్టు కొని చూడడమేమిటని వాల్‌బుర్గా పొద్దుటి నుంచీ చిటపటలాడుతూనే ఉంది. అరవై ఆరో పుట్టినరోజుకి చెల్లెలి కూతురు రికార్డా ఇచ్చిన కానుక అది. జర్మనీలోని పస్సావులో ముప్ఫై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ కుక్క కరుస్తుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అలాంటిదాని మెడలో పసుపు పట్టీ వేసి, ఓడ దిగిన జనం వెనకాల నడిపిస్తున్నారు.

"ఈ మెట్ల మీద దయ్యం తిరిగేదట," అన్నాడు గొడుగు పైకెత్తి పట్టుకున్న గైడు తస్సిలో.

"రోజూ ఎక్కి దిగింది నేనే. నన్ను చూసే ఉంటారు," అంది వాల్‌బుర్గా, అందరికీ వినపడేలా.

"పెద్దమ్మా, ఊరుకో!" రికార్డా మోచేత్తో పొడిచింది.

భోజనంలో తెల్ల సాసేజీలు పెట్టారు, అదీ ఒంటిగంటకి. చర్చి గంట పన్నెండు కొట్టాక ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ వాటిని ముట్టరు. ఆమె పళ్లెం పక్కకి తోసేసి రొట్టె నమిలింది.

ఆ తర్వాత దానూబ్ నది ఒడ్డు సందులోకి మళ్లారు. వాల్‌బుర్గా పుట్టిన ఇల్లు అక్కడే. అమ్మేసి పన్నెండేళ్లయింది, మోకాళ్ల నొప్పులని ఆమె అటు రావడమూ మానేసింది. ఇప్పుడు కింద పుస్తకాలు బైండు చేసే దుకాణం, గోడకి కొత్త సున్నం. తలుపు పక్కన, భుజం ఎత్తున, నున్నటి నీలం గీత. దాని మీద 1954.

"నీళ్లు ఇంతవరకు వచ్చాయి. పక్కన నిలబడండి, ఫొటో బాగుంటుంది," అన్నాడు తస్సిలో.

వాల్‌బుర్గాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది కాదు! మా నాన్న గీత తలుపు పైకమ్మీకి జానెడు పైన. ఎవడు దించాడు?"

"కొత్త యజమాని, అమ్మగారూ. అంత ఎత్తునుంటే మనిషితో కలిపి ఫొటోలో పడటం లేదని..."

"నీళ్లు ఫొటో దిగడానికొచ్చాయట్రా?"

గొడవ విని, ఆ దుకాణాన్ని అద్దెకి తీసుకుని నడిపే వెరోనికా బయటికొచ్చింది. "నేనీ గీతనే నమ్మానండీ. కాగితమంతా దీనికి పైన అరల్లోనే సర్దాను. వెనక గదిలో మంచం కూడా చెక్క అటక మీద వేయించుకున్నాను."

వాల్‌బుర్గా ఆమె వైపు తిరిగింది. "మా నానమ్మ కూడా నమ్మింది. అప్పట్లో నడుమెత్తున ఇంకో పాత గీత ఉండేది. అంతకు మించి రావని బల్ల మీద కుర్చీ వేయించుకుని ఆ గదిలోనే కూర్చుంది. పైకి రమ్మంటే నాన్నని తిట్టింది. తెల్లారేసరికి బల్లా లేదు, ఆవిడా లేదు. మా ఊళ్లో నీళ్లు తగ్గకముందే గీత చెక్కాలి, ఆ ఇంటి మనిషే చెక్కాలి. నాన్న పడవలో నిలబడి ఏడుస్తూ చెక్కాడు. పడవ కదలకుండా పై కిటికీ ఊచ పట్టుకున్నది నేను. నాకప్పుడు ఎనిమిదేళ్లు."

ఓడ జనం ఫొటోలు ఆపేశారు.

"నిచ్చెన ఉందా?"

"పెద్దమ్మా, నీ మోకాళ్లు!"

"నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. నువ్వు కింద పట్టుకో."

వెరోనికా తెచ్చిన నిచ్చెన ఎక్కి, తన జేబులోని తాళంచెవితో సున్నం గీకింది. పెళ్లలు తస్సిలో గొడుగు మీద పడ్డాయి. ఆస్తి పాడుచేస్తున్నారని అతను గొణిగితే ఇంకో పెళ్ల రాల్చింది. కాసేపటికి వంకర గాడి ఒకటి, దాని పక్కన నాన్న చేతి అంకెలు బయటపడ్డాయి.

"ఇప్పుడు తీసుకోండి ఫొటోలు. తలెత్తి తీసుకోండి."

వెరోనికా ఆ గాడిని చూసింది, తన అరల వైపు చూసింది. లోపలికెళ్లి, అటక మీది పరుపు లాగి పై అంతస్తు మెట్ల వైపు ఈడ్చసాగింది. వాల్‌బుర్గా నిచ్చెన దిగి, మెడలోని పసుపు పట్టీ తీసి తస్సిలో చేతిలో పెట్టి, పరుపు రెండో కొస పట్టుకుంది.