సీసాలమ్మ వసూళ్లు

పూలమ్మేవాళ్లు లోకంలో కోకొల్లలు. అమ్మిన పూలను తిరిగిచ్చెయ్యమని కొన్నవాళ్ల ఇంటికెళ్లి మరీ అడిగే మనిషి మాత్రం ఒక్కతే. ఆవిడకు కన్నవాళ్లు చక్కటి పేరే పెట్టారు గానీ, వీధి వీధంతా సీసాలమ్మ అనే పిలుస్తుంది. అదేదో బిరుదైనట్టు ఆవిడ పలుకుతుంది కూడా.

ఆవిడ కొట్లో పూలు గాజు సీసాలో పెట్టి, నారతాడుతో కట్టి, పాత గుడ్డలో చుట్టి ఇస్తారు. వాడిపోయాక సీసా, తాడు, గుడ్డ, వాడిన పూలు అన్నీ వెనక్కి రావాలి. సీసా కడిగి మళ్లీ వాడుతుంది. పూలు పెరట్లో ఎరువు డ్రమ్ములోకి పోతాయి. ఆ ఎరువుతో పూసిన పూలు మళ్లీ మీకే అమ్ముతుంది. పర్యావరణాన్ని కాపాడటమంటే ఇదేనట. పర్యావరణం సంగతేమో గానీ, దీంతో ఆవిడ మరిది మోకాళ్లు అరిగిపోయాయి.

ఎందుకంటే వసూళ్లకు వెళ్లే మూడు చక్రాల సైకిలు బండి తొక్కేది అతనే. బస్సు డిపోలో హాయిగా చేసుకుంటున్న ఉద్యోగం మానేసి, వదినతో కలిసి పూల వ్యాపారం పెడుతున్నానని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్న మేధావి. పూల మధ్య బతకొచ్చనుకున్నాడు. ఇప్పుడు పచ్చడి సీసాలు, తేనె సీసాలు, దగ్గు మందు సీసాల మధ్య బతుకుతున్నాడు.

బేరం చెయ్యడంలో ఆవిడ తీరే వేరు. ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి, ముచ్చటపడ్డ అమ్మాయికి ఇవ్వడానికట, ఎర్ర గులాబీలు అడిగాడు.

"ఈ నెలలో ఇక్కడ గులాబీలు పుయ్యవు నాయనా."

"పక్క కొట్లో ఉన్నాయండీ."

"అవి విమానమెక్కి వచ్చాయి. నువ్వూ నేనూ కలిసి చూడనన్ని దేశాలు చూశాయి. వాటినిక పడుకోనీ. ఇదిగో, ఇవి పొద్దున్నే మా పెరట్లో కోశాను."

అతని చేతిలో పెట్టినవి నాలుగు బంతిపూలు, ఒక గడ్డి కంకి, గుప్పెడు తెల్ల పూత. బ్యాంకాయన వాసన చూశాడు.

"ఇది కొత్తిమీర కదండీ?"

"పూతకొచ్చిన కొత్తిమీర. తెలిసిన పిల్లయితే మెచ్చుకుంటుంది. తెలియనిదైతే ఏదో విదేశీ పువ్వనుకుంటుంది. ఎటైనా నీకు నష్టం లేదు."

వారం తర్వాత అతను కొట్టు ముందునుంచి పోతుంటే, ఆ అమ్మాయి ఏమందని మరిది ఆత్రంగా అడిగాడు. సీసాలమ్మ మధ్యలో అడ్డుపడింది.

"అవన్నీ తర్వాత. సీసా ఆ అమ్మాయి దగ్గరుందా, నీ దగ్గరుందా?"

"ఆవిడ దగ్గరేనండీ. ఇంకా ఏ మాటా చెప్పలేదు."

"చెప్పేసినట్టే. వద్దనుకున్న పిల్ల సీసా ఉంచుకోదు."

ఇంకోరోజు ఒక వ్యాపారి, పూలకాడలు గుచ్చుకునే ఆకుపచ్చ స్పాంజి అమ్మడానికి వచ్చాడు. మరిది కళ్లు మెరిశాయి. పక్క కొట్టువాళ్లంతా దాన్నే వాడతారు, పని చిటికెలో అయిపోతుంది.

"ఇది మట్టిలో కలుస్తుందా?" అంది సీసాలమ్మ.

"కలవనే కలవదమ్మా, గట్టి సరుకు!"

"మనం పోయాక కూడా ఉంటుందా?"

"గ్యారంటీ!"

"అయితే మీ ఇంట్లోనే దాచుకో. మీ మునిమనవలు దాన్ని చూసి నిన్ను తలుచుకుంటారు."

స్పాంజికి బదులు ఆవిడ పాత కోళ్లగూటి వలను ఉండచుట్టి సీసాలో కుక్కుతుంది. వలకు కోళ్ల వాసన పోలేదని మరిది గొడవ. పూల వాసనలో అది తెలియదని ఆవిడ వాదన. కొత్తిమీర ధాటికి నిజానికి ఇద్దరికీ ఏదీ తెలియదు.

వీటన్నిటినీ మరిది భరించాడు. భరించలేనిది సాయంత్రం వసూళ్లు. కొన్ని ఇళ్లలో చిటికెలో సీసా చేతికొచ్చేది. కొన్ని ఇళ్లున్నాయి, వంతెన పక్క దర్జీ ఇల్లు లాంటివి. అమ్ముడుపోని పూలు ఇంకో సీసాలో పెట్టుకుని సీసాలమ్మ లోపలికి పోతుంది. బయట చీకటిపడేదాకా మరిది దోమలు కొట్టుకుంటూ కూర్చుంటాడు. తీరా ఆవిడ ఉత్త చేతులతో వస్తుంది.

"సీసా ఏదీ వదినా?"

"కనబడలేదట. వచ్చేవారం ఇస్తాడట."

"మరి మీరు తీసుకెళ్లిన సీసా?"

"అదీ వచ్చేవారమే."

వసూలుకెళ్లి ఎదురిచ్చి వచ్చే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇలా ఉండగా పెద్ద హోటలు మేనేజరు కబురుపెట్టాడు. గది గదికీ పూలు, ఏడాది పొడుగునా. పచ్చ స్పాంజి అక్కర్లేదన్నాడు. కొత్తిమీరకు కూడా తలూపాడు. ఒక్కటే షరతు, పూలు రోజూ సాయంత్రం అందాలి. మరిదికి ప్రాణం లేచొచ్చింది. కొట్టు అప్పటికే మూతపడేలా ఉంది. ఈ బేరం కుదిరితే నిలబడుతుంది, లేకపోతే తను మళ్లీ డిపో గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

"సాయంత్రం కుదరదు, వసూళ్లున్నాయి," అంది సీసాలమ్మ.

"ఖాళీ సీసాల కోసం నిండు బేరం వదులుకుంటారా?" అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పొద్దున్నే ఇస్తానని చెప్పు."

"ఆయన ఒప్పుకోడు వదినా!"

"అయితే ఆయన ఖర్మ."

మర్నాడే ఆవిడ తడి కాడల మీద జారి మడమ బెణికించుకుంది. కదిలే వీల్లేదు. మరిదికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మొండి ఇళ్లన్నీ తనే తిరిగి, ఒక్క సీసా కూడా మిగలకుండా ఊడ్చుకొస్తే, ఇక వసూళ్లూ లేవు, వంకా లేదు.

"వాళ్ల జోలికెళ్లకు, నేను లేచాక చూసుకుంటాను," అని ఆవిడ అరుస్తూనే ఉంది. అతను అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

దర్జీ ఇంటి తలుపు తట్టీ తట్టకముందే తెరుచుకుంది. ముసలాయన అతని భుజం మీదుగా బండి వైపు చూశాడు.

"ఆవిడ రాలేదా?"

"కాలు బెణికింది. సీసాలివ్వండి, పట్టుకుపోతాను."

"కనబడట్లేదు బాబూ."

కిటికీ గట్టు పొడుగునా సీసాలు బారులు తీరి ఉన్నాయి, తళతళా కడిగినవి. మరిది వాటిని చూశాడు. దర్జీ కూడా వాటిని చూశాడు.

"అవేమిటి మరి?" అన్నాడు మరిది.

దర్జీ గట్టు మీద ఒక సీసాను సరిగ్గా జరిపాడు. "ఇచ్చేస్తే ఆవిడ మళ్లీ ఎందుకొస్తుంది బాబూ? మా ఆవిడ పోయిన రోజు అందరూ పూలు తెచ్చారు, మీ కొట్టు సీసాలో కూడా. అవి వాడిపోయాక వచ్చింది మీ వదినగారొక్కరే. సీసా ఏదని దబాయించింది. కనబడలేదని అబద్ధమాడాను. సీసా ఎదురుగానే ఉంది, ఆవిడ చూసింది కూడా. 'సరే, వచ్చేవారం వస్తా' అంది."

గోడవారన కుట్టుమిషను దగ్గర గుడ్డల దొంతర కనబడింది. కొట్లో పూలు చుట్టే గుడ్డలే, చక్కగా అంచులు కుట్టి ఉన్నాయి.

"మా ఆవిడ పోయాక మిషను ముట్టుకోలేదు. అంచుల్లేక పోగులూడిపోతున్నాయి, చేతులు పడిపోయాయా అని తిట్టి ఇవి పడేసిపోయింది. ఏం చెయ్యను, కుట్టాను. ఆ వంకాయ రంగు గుడ్డ ఇంకా అవలేదని చెప్పండి. టీ తాగుతారా?"

మరిది టీ తాగాడు. ఇంకో కప్పు కూడా తాగాడు. ఇన్నాళ్లూ గేటు బయట దోమలు కొట్టుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. మిగతా ఇళ్ల వైపు బండి తిప్పకుండా తిన్నగా హోటలుకు తొక్కాడు. సాయంత్రాలు కుదరదని, పొద్దున్నే అయితే సరేనని కరాఖండిగా చెప్పేశాడు. మేనేజరు బేరంలోంచి గదులన్నీ కొట్టేసి, ముందు హాలు ఒక్కటే ఇచ్చాడు. డిపో గుమ్మం ఎక్కనక్కర్లేకుండా అది చాలు.

ఇంటికొచ్చేసరికి సీసాలమ్మ కాలు పీట మీద పెట్టుకుని, మొహం ధుమధుమలాడించుకుంటూ కూర్చుంది.

"దర్జీ దగ్గర ఎన్ని తెచ్చావు?"

"ఒక్కటీ తేలేదు వదినా. పైగా బండిలో ఉన్న ఇంకో సీసా ఇచ్చొచ్చాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. ధుమధుమలు మెల్లగా దిగిపోయాయి.

"నీకు వసూళ్లు బొత్తిగా చేతకావు మరిదీ. దానికోసం మళ్లీ వెళ్లాలి ఇప్పుడు."

"వెళ్దాం వదినా. ఈసారి నేనూ లోపలికొస్తాను."