మబ్బుల బొమ్మ చూపించినందుకు

కమలాపురం దగ్గర ఒక పల్లె హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతి గోడకు పెద్ద టీవీ బిగించినాక, ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు రోజూ పొద్దున అందులో చూపించేదాన్ని. అరగంటకొకటి తీసినవి వరసగా తిప్పితే మబ్బు ఎటు కదులుతాందో పిల్లలకు ఇట్టే తెలిసిపోయేది.

ఒకరోజు ముందు బెంచీ పాప లేచి, సముద్రం మీది తెల్లటి ముద్ద మీద వేలు పెట్టి, "ఇది రేపు సాయంత్రానికి మన మీదికొస్తాది మేడమ్" అనింది. క్లాసు పిల్లలందరితో చప్పట్లు కొట్టించినాను. అంతటితో ఆ సంగతి మర్చిపోయినాను.

ఆ పాప చెప్పినట్టే వాన దంచింది. నాలుగోరోజు వాళ్ల నాయన స్టాఫ్‌రూములోకొచ్చి నా బల్ల మీద సంచి బోర్లించినాడు. కుళ్లిన ఉల్లిగడ్డలు! పిల్లల నోటుబుక్కుల మీదికి నీళ్లు కారినాయి.

"పీకి ఆరబోసిందంతా పాయ. వానొస్తాదని నీకు ముందే తెలుసంట గదా?" మేడమ్ అని కూడా అనలేదు.

"మీ పాప చెప్పలేదా?"

"చెప్పింది. పిల్ల మాట ఇని పట్టలు తెచ్చి కప్పేవాడు యాడన్నా ఉంటాడా? రోజూ మా చేను ముందరే ఆటోలో పోతాండావు. దిగి ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయింది?"

"నేనొచ్చింది పాఠం చెప్పేదానికప్పా, నీ గడ్డలకు కాపలా కాసేదానికి కాదు."

అనకుండా ఉండాల్సింది. కానీ ఆ వాసన, ఆ అరుపు... నాకూ ఒళ్లు మండింది. వాకిట్లో ఆ పాప నిలబడి అంతా వింటాంది.

హెడ్‌మాస్టరు ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. నన్ను మాత్రం, "మబ్బుల గోల మనకెందుకమ్మా? పుస్తకంలో ఉండేది చెప్పు చాలు" అని, టీవీ రిమోటు తన బీరువాలో పెట్టి తాళమేసుకున్నాడు.

మరుసటి వారం పంతానికి నా ఫోన్లోనే ఆ బొమ్మలు పెట్టుకొని బెంచీ బెంచీకీ తిరిగినాను. ఆ పాప దగ్గరికొచ్చి, "ఈ మబ్బు ఎటు పోతాంది?" అని అడిగినాను.

"తెలీదు మేడమ్."

"నీకు తెలుసు. చెప్పు."

"తెలీదు" అనింది, ఫోను వైపు చూడకుండానే.

"అయితే నిలబడు" అన్నాను. నిలబడింది. కండ్లల్లో నీళ్లు లేవు, దవడ మాత్రం బిగుసుకొని ఉంది. గంట కొట్టిందాకా నేను కూర్చోమనలేదు, ఆ పాప అడగనూ లేదు.