రొట్టె అంచు మీద అరటాకు

నిన్న పొద్దున తెనాలిలో మా గ్యాసు పొయ్యి మీద మినపరొట్టె కాలుస్తుంటే అంచు మాడిన వాసన వచ్చింది. మంట సన్నం చేసి, మూకుడు అంచుకి వెండి రంగు వంట కాగితం చుట్టి, సరిగ్గా ఇరవై తొమ్మిది నిమిషాలకు మూత తీశాను. అయినా చుట్టూ వేలెడు వెడల్పున నల్లబడింది. ఆ వాసన వస్తే నాకు రేపల్లెలో అమ్మమ్మ వంటిల్లే గుర్తొస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జబ్బు చేసిన అమ్మను వానాకాలంలో బాపట్ల నుంచి పుట్టింటికి తీసుకొచ్చారు. రైసు మిల్లు నుంచి ఎగిరొచ్చిన ఊక పెరట్లో తడిసి పులిసిన వాసన వేసేది, చూరు నీళ్లు ఇత్తడి గంగాళంలో పడేవి, అరుగు మీద చింతగింజలాడుతున్న పిల్లలం అమ్మ మూలుగు వినిపిస్తే ఆట ఆపేసేవాళ్లం. అమ్మకు అన్నం దిగేది కాదు. గంజి కాక, పాలలో నానబెట్టిన మినపరొట్టె ఒక్కటే కడుపులో నిలిచేది. అంచు రవ్వంత మాడినా ఆ చేదు రొట్టంతా పాకి, వాంతి అయ్యేది.

అందుకని అమ్మమ్మ తడిపిన అరటాకు పట్టీలను పిండి అంచు మీద గుండ్రంగా పరిచి, పళ్లెం మూతపెట్టి, దాని నడుమ మాత్రమే నిప్పులు ఉంచేది. నేను పక్కన కూర్చుని అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను: పట్టీలు ఆరు, నిప్పులు పదకొండు, ఏడు వందలు లెక్కపెట్టాక దించడం.

ఒకరోజు అమ్మ మందు కోసం అమ్మమ్మ పొద్దుటి రైలుకు తెనాలి వెళ్లింది. "రొట్టె జోలికి పోమాకే, నేనొచ్చి కాలుస్తా" అని చెప్పే వెళ్లింది. మధ్యాహ్నం అమ్మ, నాలుగు రోజుల్లో మొదటిసారి, "ఆకలేస్తుందే" అంది. నేను ఆగలేకపోయాను. పొయ్యి చల్లారిపోయి ఉంటే కొబ్బరి చిప్పలు కాల్చి పదకొండు నిప్పులు ఏరి పెట్టాను, ఏడు వందలూ లెక్కపెట్టాను. మూత తీస్తే అరటాకు బొగ్గయింది, దాని కింద అంచూ బొగ్గయింది. నల్లదంతా గీకేసి నడిమి భాగం పాలలో వేసి ఇచ్చాను. అమ్మ ఒక్క ముద్ద మింగి, పొద్దున తాగిన గంజితో సహా కక్కేసింది.

సాయంత్రం అమ్మమ్మ మూకుడు చూసింది. "ఎన్ని నిప్పులు పెట్టావే?"

"పదకొండే అమ్మమ్మా."

"దేనివి?"

"కొబ్బరి చిప్పలవి."

"నావి చింత కట్టెవి కదమ్మా, చిప్పల నిప్పుకి సెగ ఎక్కువ" అంది. తిట్టలేదు.

నానబెట్టి ఉంచిన మినప్పప్పు అప్పటికప్పుడు రుబ్బి, వెన్నలాంటి అంచుతో రొట్టె కాల్చింది. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. "వద్దమ్మా, ఆ పేరెత్తితేనే తిప్పేస్తోంది."

ఇక ఆమె నోటికి హితవైనదేదీ మిగల్లేదు. పంతొమ్మిది రోజులు గంజి నీళ్ల మీద ఉంది, ఇరవయ్యో రోజు పోయింది. ఎలాగూ దక్కేది కాదన్నాడు డాక్టరు. రొట్టె తింటూ ఉంటే ఎన్నాళ్లుండేదో నేను లెక్క కట్టలేకపోయాను.

అమ్మమ్మ ఇల్లు పోయింది, కట్టెల పొయ్యిలు పోయాయి, చింత నిప్పులు అడిగితే మా వీధిలో నవ్వుతారు. ఇవాళ రెండు నిమిషాలు తగ్గించి మళ్లీ కాల్చాను. అంచు మెత్తగా, మాడు లేకుండా వచ్చింది. అమ్మకు దిగేదే. తినవలసిన రోజు దాటి అరవై ఏడేళ్లయింది.