రెండో మందు

ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది ఒక మంగళవారం మధ్యాహ్నం, మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉండగా. మే నెల ఎండ, పైగా కరెంటు లేక ఫ్యాన్ ఆగిపోయింది. అయినా చలి. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. సాయంత్రం థర్మామీటర్ పెడితే నూట రెండు చూపించింది. రెండు రోజులు పడుకుంటే అదే పోతుందిలే అనుకున్నాను. డాక్టర్లం కదా, మా జ్వరమంటే మాకు లెక్కలేదు.

అప్పటికి నేను క్లినికల్ మైక్రోబయాలజీలో రెండో సంవత్సరం పీజీని. ఆసుపత్రి పేరు చెప్పను. మా ఉత్తరాంధ్ర జనం జబ్బు ముదిరాక పరుగెత్తుకొచ్చే పెద్దాసుపత్రుల్లో అదొకటి. మా పని ఏమిటో బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మా అమ్మే మొదట్లో, "ఏటే, డాక్టరువై ఉండి రోగి మొకం సూడవా?" అనేది. నిజమే, చూడం. రోగి రక్తం, చీము, కళ్ళె మా దగ్గరికి వస్తాయి. వాటిని ప్లేట్ల మీద పెంచి, ఏ క్రిమి పెరిగిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పడం మా పని.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పాత అలవాటు ఉండేది. ప్లేటు మూత తీసి వాసన చూడటం. ఒక క్రిమి ద్రాక్షపళ్ళ వాసన వేస్తుంది, ఇంకొకటి చేపల కంపు కొడుతుంది. అలా చూడకూడదని పుస్తకాల్లో స్పష్టంగా రాసి ఉంది. కానీ మా గైడు మేడం చూసేవారు, ఆవిడను చూసి మేమూ నేర్చుకున్నాం. నా ముక్కు మరీ చురుకు. "మన ముక్కు డాక్టరమ్మ ఏదీ? పిలవండి" అని మేడం అందరి ముందూ నన్ను పిలిపించేవారు. నేను పొంగిపోయి పరుగెత్తేదాన్ని.

మేడం గురించి కాస్త చెప్పాలి. హాస్టల్ తిండి పడక నేను చిక్కిపోతుంటే, తన టిఫిన్ బాక్సులో సగం నాకు పెట్టినావిడ. నా థీసిస్‌లో ప్రతి పేజీ కూర్చుని దిద్దినావిడ. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "తల్లీ" అనేవారు. మా అమ్మ తర్వాత అమ్మ అని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు అది గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

జ్వరానికి మూడు వారాల ముందు మా దగ్గరికి ఒక బ్లడ్ కల్చర్, అంటే క్రిమి పెంచి చూడటానికి పంపిన రక్తం, వచ్చింది. అది అప్పన్నది. చీపురుపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ముసలాయన అని నాకు తర్వాత తెలిసింది. నెలరోజులుగా జ్వరం, కారణం తెలియదు అని మాత్రమే కాగితం మీద ఉంది, ఆయన వృత్తి రాయలేదు. ఆరో రోజున ప్లేటు మీద సూదిమొనంత చుక్కలు కనిపించాయి. ఇలాంటివి బయోసేఫ్టీ క్యాబినెట్‌లో తెరవాలి. అదొక పెద్ద గాజు పెట్టె, లోపలి గాలి మన ముఖం మీదికి రాకుండా వడకడుతుంది. మాది రెండు నెలలుగా పాడై ఉంది. అన్నీ బల్ల మీదే తెరిచేవాళ్ళం. నేను మూత తీసి, అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా తగల్లేదు. నాకు పౌరుషం వచ్చి, ఇంకోసారి గట్టిగా పీల్చాను.

"మేడం, దీనికి వాసనే లేదు!"

మేడం స్లైడు చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ప్లేటు నా చేతిలోంచి తీసుకుని, అంచు చుట్టూ టేపు వేసేశారు. "కంటామినెంట్ తల్లీ. రక్తం తీసేటప్పుడు చర్మం మీది చెత్త ఏదో కలిసింది. ఇది నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళి భోంచెయ్" అన్నారు.

మా దగ్గర ప్రమాదకరమైన ప్లేటుకే టేపు వేస్తారు. చెత్తకు టేపెందుకు మేడం అని నేను అడగలేదు. వెళ్ళి భోంచేశాను.

ఇక జ్వరం సంగతి. నాలుగు రోజులైనా తగ్గకపోతే మేడమే కంగారుపడి, తన చేత్తో నా రక్తం తీసి కల్చర్ పెట్టారు. ఐదు రోజుల తర్వాత హాస్టల్ గదికి వచ్చి, "స్క్రబ్ టైఫస్‌లా ఉంది తల్లీ. డాక్సీసైక్లిన్ వారం రోజులు వేసుకో" అని మందు కూడా తనే తెచ్చిచ్చారు. స్క్రబ్ టైఫస్ అంటే పొదల్లో ఉండే పురుగు కుడితే వచ్చేది, మా వైపు ఉన్నదే. మూడో రోజుకు జ్వరం దిగింది. నా కల్చర్ ఏమైందని అడిగితే, "ఏమీ పెరగలేదు" అన్నారు. ఆవిడ కాళ్ళకు దండం పెట్టాను. నిజంగా వంగి పెట్టాను.

నెల తిరక్కుండానే జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి నడుము కింద, కుడివైపు, కూర్చుంటే లేవలేనంత నొప్పి తోడైంది. సెలవు పెట్టి అరసవల్లిలో మా ఇంటికి వచ్చేశాను. పగటిపూట కునుకు పట్టినా పక్క తడిసిపోయేంత చెమట. అమ్మ రోజుకు రెండు దుప్పట్లు ఉతికేది. మా అమ్మ పెళ్ళయ్యేదాకా వరి కళ్ళాల్లో పెరిగిన మనిషి. ఒకరోజు దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది.

"ఒసే, ఇదేటే ఇలాగ వాసనేస్తన్నాది? వానకి తడిసి ముక్కిపోయిన గడ్డిలాగ ఉన్నాది."

"చెమటమ్మా. చెమట వాసనే వేస్తుంది మరి" అని విసుక్కున్నాను. అంత పేరున్న నా ముక్కుకు ఏమీ తెలియలేదు.

ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఒకరు నొప్పి మాత్రలు రాశారు. ఒకరు డిస్క్ అన్నారు. ఒకరు, "పీజీ కదమ్మా, స్ట్రెస్" అన్నారు. మేడంకి ఫోన్ చేస్తే, "పరీక్షల భయం తల్లీ, రెస్ట్ తీసుకో" అన్నారు. చివరికి విజయనగరంలో ఒక పెద్ద వయసు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. నేను డాక్టర్ భాషలో నా లక్షణాలన్నీ అప్పజెబుతుంటే అమ్మ మధ్యలో దూరింది.

"బాబూ, ఇది సెప్పదు గానీ, దీని సెమట ముక్కిపోయిన గడ్డి వాసనేస్తన్నాది. నాను అబద్దం ఆడను. కావాలంటే దుప్పటి తెచ్చినాను, సూడండి."

నిజంగానే సంచిలోంచి దుప్పటి తీసింది! సిగ్గుతో నా తల తీసేసినట్టయింది. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, "ఏ డిపార్ట్‌మెంట్‌లో చేస్తున్నావమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగిన డాక్టరు లేరు.

"మైక్రోబయాలజీ సార్."

"ఈ మధ్య మీ ల్యాబ్‌లో బ్రూసెల్లా ఏదైనా పెరిగిందా?"

బ్రూసెల్లా అంటే గొర్రెలు, మేకలు, పశువుల నుంచి మనుషులకు వచ్చే క్రిమి. ల్యాబ్‌లో మూత తీసి పీలిస్తే చాలు, మనకూ వస్తుంది. "లేదు సార్. అలాంటిది వస్తే మా మేడం వదలరు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

రక్తపరీక్షలో బ్రూసెల్లా గట్టి పాజిటివ్. ఎంఆర్ఐలో సేక్రోఇలియైటిస్, అంటే వెన్ను వచ్చి తుంటిలో కలిసే కీలు వాచింది. "దీనికి రెండు మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్. కీలు దాకా పోయింది కాబట్టి నీకు మూడు నెలలు. ముందు ఏమైనా వాడావా?" అన్నారు డాక్టరు గారు.

"డాక్సీ వారం వాడాను సార్."

"ఒక్క డాక్సీయా? వారమేనా? ఎవరిచ్చారమ్మా?"

ఫైలు సర్దుకుని బయటికి వచ్చేశాను. అయినా ఆ రోజంతా మేడంని వెనకేసుకొచ్చాను. పాపం పొరపాటు పడి ఉంటారు, ఎవరు మాత్రం పడరు అని అమ్మతో వాదించాను.

సెలవు పొడిగించమని ఉత్తరం ఇవ్వడానికి మా ఆసుపత్రికి వెళ్ళాను. మెడిసిన్ ఓపీ ముందు నొప్పి ఎక్కువై బెంచీ పట్టుకుని నిలబడ్డాను. లోపలి నుంచి నర్సు, "అప్పన్న! చీపురుపల్లి అప్పన్న!" అని పిలిచింది. నా పక్కనే ఉన్న ముసలాయన చెయ్యెత్తాడు. కొంచెం ఆగమని మళ్ళీ కూర్చోబెట్టారు.

"జ్వరం తగ్గిందా తాతా?" అన్నాను.

"తగ్గిపోనాది తల్లీ. ఆరు వారాలు రెండు రకాల మందులిచ్చినారు. అందులో ఒకటి ఎర్ర గొట్టం. అది మింగితే ఉచ్చ కూడా ఎర్రగొచ్చీది. బయపడిపోనాను. అయి అయిపోయి నెల్లాళ్ళయిపోనాది, మళ్ళీ సూపించుకోమంటే వచ్చినాను."

ఎర్ర గొట్టం అంటే రిఫాంపిసిన్ క్యాప్సూల్. చర్మం మీది చెత్తకు రిఫాంపిసిన్ ఎవరూ ఇవ్వరు. ఆయన చేతిలో ఫైలు తీసుకుని తిప్పాను. మా ల్యాబ్ రిపోర్టే. బ్రూసెల్లా అని ఉంది, కింద మేడం సంతకం. నాకు జ్వరం రావడానికి రెండు వారాల ముందు ఇచ్చిన రిపోర్టు. మా ఎవరి చేతుల మీదుగానూ పోకుండా, ఆవిడే రాసి వార్డుకు పంపించేశారు.

"నువ్వేటి అలగ కుంటుతన్నావు?" అన్నాడు అప్పన్న.

"నీకొచ్చిందే నాకూ వచ్చింది తాతా."

ఆయన నన్ను పైనుంచి కిందకు చూశాడు. "నువ్వూ గొర్రెలు కాస్తావేటి?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేరుగా మేడం గదికి వెళ్ళాను.

"అప్పన్న ప్లేటు కంటామినెంటా మేడం?"

ఆవిడ లేచి తలుపు వేశారు. "కూర్చో తల్లీ."

"కూర్చోలేను. కీలు పాడైంది."

ఏడ్చారు. ఆ నెలలోనే తనిఖీ ఉందట. క్యాబినెట్ పనిచేస్తోందని ముందే సంతకం పెట్టేశారట. బ్రూసెల్లాను బల్ల మీద తెరిచారని బయటపడితే తన ఉద్యోగానికే ముప్పట. "నీకు రాదనుకున్నాను తల్లీ. అందరికీ రాదు కదా."

"నా కల్చర్?"

తలొంచుకున్నారు. "పెరిగింది. అందుకే కదా డాక్సీ ఇచ్చాను. ఊరికే వదిలెయ్యలేదు కదా నిన్ను."

"రిఫాంపిసిన్ ఎందుకివ్వలేదు?"

కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఆ రెండూ కలిపిస్తే నీకు తెలిసిపోతుంది."

అవును. తెలిసిపోయేది. ఎందుకంటే ఆ పాఠం నాకు చెప్పింది ఆవిడే. నమ్మించి గొంతు కోయడం అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది ఇంత ప్రేమగా, "తల్లీ" అంటూ కూడా చేయొచ్చని ఆ రోజు తెలిసింది.

వారం జెంటమైసిన్ ఇంజెక్షన్లు, ఆపైన మూడు నెలలు రెండు మందులు. వాంతులు. ఐదో వారంలో లివర్ పరీక్షలు పాడై పది రోజులు రిఫాంపిసిన్ ఆపేశారు. అప్పుడు నొప్పి మళ్ళీ మొదలై, ఇక నా బతుకింతే అనుకుని అమ్మ ఒళ్ళో పడి ఏడ్చాను. మళ్ళీ మొదలుపెట్టాక నిలదొక్కుకున్నాను. ఉత్తరం రాసి ఫిర్యాదు చేశాను, విచారణ జరిగింది, క్యాబినెట్ బాగైంది, నాకు గైడు మారారు. మేడం ఉద్యోగంలోనే ఉన్నారు. పుట్టినరోజుకు మెసేజ్ పెడతారు. నేను జవాబివ్వను. క్షమించెయ్ అని చాలామంది చెప్పారు. వాళ్ళ తుంటి నొప్పెట్టడం లేదు కదా!

పీజీ పూర్తయింది. ఇప్పుడు విజయనగరంలో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. గంటకు మించి కూర్చుంటే కుడివైపు పట్టేస్తుంది. సెలవుకు ఇంటికి వెళ్తే అమ్మ ఇప్పటికీ నా దుప్పటి వాసన చూసిగానీ ఉతకదు. మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ప్లేటు మూత తీసి ముక్కు దగ్గరకు తీసుకెళ్ళబోయింది. నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్తే మీరు రోజూ ఏ పని చేస్తారో అడగకముందే చెప్పండి. మీ పరీక్ష రిపోర్టు కాగితం అడిగి తీసుకుని మీ కళ్ళతో చదవండి. నోటితో చెప్పింది మీకు ఎంత ఇష్టమైన మనిషైనా సరే, కాగితం అడగండి. నేను అడగలేదు, అడగడం తప్పనుకున్నాను.

మా ల్యాబ్‌లో పిల్లలను నేను తల్లీ, కన్నా అని పిలవను. పేరు పెట్టి పిలుస్తాను. వాళ్ళ రిపోర్టు వాళ్ళ చేతికే ఇస్తాను.